గోరంత అంచు

మా ఫ్రేముల షాపులో కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పేది గోరంత లెక్క. కాగితం మీద గీసిన బొమ్మ అద్దానికి ఆనకూడదు. అందుకని రెండింటికీ మధ్య ఒక మందపాటి అట్ట పెడతాం. దాన్ని మౌంటు అంటాం. ఆ అట్ట మధ్యలో బొమ్మ కనబడేలా కిటికీ కోస్తాం. కిటికీ నాలుగు వైపులా బొమ్మ కంటే గోరంత చిన్నదిగా ఉండాలి, లేకపోతే బొమ్మ జారి బయటికొస్తుంది. అంటే మా దగ్గరికొచ్చిన ప్రతి బొమ్మ అంచునా గోరంత మేం మింగేస్తాం. ఈ సంగతి తెలిసిన బొమ్మలవాళ్ళు అంచున ముఖ్యమైనదేమీ గీయరు.

మా చెల్లికి ఈ సంగతి బాగా తెలుసు. దాని బొమ్మలన్నీ కోసి బిగించేది నేనే. అయినా ఈసారి అసలు సంగతంతా అంచునే గీసింది.

దాని గురించి చెప్పేముందు నా గురించి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నాన్న పోయాక అమ్మ సీసాల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి చేరింది. చెల్లిని లేపి, తల దువ్వి, బడి గేటు దాకా దింపడానికి ఇంట్లో ఎవరో ఒకరుండాలి. ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. గేటు దగ్గర అది లోపలికి పోయేది, నేను వెనక్కి తిరిగేదాన్ని. అందుకు దాని మీద ఎప్పుడూ కోపం రాలేదు. భయం మాత్రం అప్పుడే పట్టుకుంది. అది రోడ్డు దాటగలదా, మెట్ల మీద పడిపోతుందా, ఎవరైనా ఏడిపిస్తారా అని. అది పెద్దదైంది, నా భయం పోయి మా పాప మీద వాలింది. పాపకి మూడున్నరేళ్ళు. ఇంట్లో అందరూ పిడుగంటారు. నిద్రపోతున్నప్పుడు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. రోజుకు పదిసార్లు కాళ్ళూ చేతులూ తడిమి చూసుకుంటాను. "అది ఊపిరి తీస్తూనే ఉంది, నువ్వే తీయటం లేదు" అంటారు మా ఆయన.

చెల్లి బడి పుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. ఆకుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుంది, గుండెలో గదులెన్ని, అలాంటివి. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. దానితోపాటు ఇళ్ళకి వైరింగు చేసే అమ్మాయి ఉంటుంది. మా అమ్మ ఆమెని "చెల్లి గదిలో ఉండే అమ్మాయి" అంటుంది. నేను కరెంటమ్మాయి అంటాను. పిడుగు కరెంటు పిన్ని అంటుంది. శనివారాలు నేను షాపుకెళితే పిడుగు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

నాకు రెండేళ్ళ కిందటే తెలిసింది. ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళాను. కరెంటమ్మాయి స్నానం చేసి కింద కూర్చుంది, చెల్లి వెనక నుంచి తల తుడుస్తోంది. అందులో ఏముంది? ఏమీ లేదు. కానీ ఆ తుడవటంలో తొందర లేదు. నన్ను చూసి చెల్లి తువ్వాలు ఆపింది.

"టీ తాగుతావా అక్కా?"

"తాగుతాను."

ఆ విషయం గురించి మేం మాట్లాడుకున్నది అంతే. చక్కెర ఎక్కువైందని కూడా చెప్పలేదు నేను.

ఒక సోమవారం చెల్లి షాపుకొచ్చి మా ఓనరు ముందు బొమ్మల ప్రదర్శనకి పిలిచే కార్డు ఒకటి పెట్టింది. మా ఓనరుని అందరం పెద్దాయన అంటాం. ఆయన భూతద్దం పెట్టి పైకి చదివారు. "ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, మేమెవరమో మేమే చెప్పుకుంటాం అనేవాళ్ళు. తొమ్మిదిమంది బొమ్మలు. అందరూ రండి." భూతద్దం దించి ఒక నిమిషం ఆలోచించారు. ఏమంటారో అని నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"అందరూ రండన్నారు కాబట్టి నేనూ వస్తాను. ఇంతకీ ఫ్రేములు నల్లవా, తెల్లవా?"

"తెల్లవండీ. మొత్తం ఇరవై మూడు. గురువారం గోడకెక్కాలి."

"ముందే చెబితే మీ సొమ్మేం పోతుందమ్మా?" అని విసుక్కుంటూనే చెక్కపట్టీలు కొలవడానికి లేచారు.

చెల్లి నన్ను పక్కకి లాగి తన బొమ్మ చూపించింది. ఒక సోఫా. దాని మీద అటు చెల్లి, ఇటు కరెంటమ్మాయి. వాళ్ళిద్దరి ఒళ్ళో అడ్డంగా పడి నిద్రపోతున్న మా పిడుగు. తల చెల్లి మోచేతి మీద ఉంది. కాలు ఒకటి సోఫా మీంచి కిందికి జారుతోంది. కాగితం చిట్టచివర, కింది అంచున, ఆ కాలు పడిపోకుండా మడమ కింద రెండు చేతులు. ఒకటి చెల్లిది, ఒకటి కరెంటమ్మాయిది. వేళ్ళలో వేళ్ళు కలిపి పట్టుకుని ఉన్నాయి. ఎంత జాగ్రత్తగా గీసిందంటే కరెంటమ్మాయి బొటనవేలి మీద వైరు గీసుకున్న మచ్చ కూడా కనబడుతోంది.

"అమ్మని తీసుకురా అక్కా శుక్రవారం, ఐదింటికి."

"అమ్మెందుకే ఇలాంటివాటికి?"

"నోటితో చెప్పలేకపోతున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ప్రతిసారీ తిన్నావా అంటుంది, తిన్నానంటాను, అయిపోతుంది. ఈ బొమ్మ చూస్తే తనే అడుగుతుంది. అడిగితే చెప్పేస్తాను. ఈసారి ఎలాగైనా చెప్పెయ్యాలి."

అది వెళ్ళాక బొమ్మ తిరగేశాను. వెనక పెన్సిలుతో రాసి ఉంది. 'అక్కా, ఈసారి అంచులన్నీ కనబడాలి.' ఎనిమిదో తరగతే గాని, ఆ మాత్రం చదవగలను.

రెండు రోజులు మిగతావాళ్ళ బొమ్మలు కోస్తూ దీన్ని కిందకి తోస్తూ వచ్చాను. మనసులో మాత్రం సినిమా నడుస్తూనే ఉంది. చెల్లి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నప్పుడు అమ్మ తొమ్మిది రోజులు దానితో మాట్లాడలేదు. జుట్టుకే తొమ్మిది రోజులైతే దీనికెన్నాళ్ళు? అమ్మ మాట్లాడకపోతే చెల్లి ఇంటికి రాదు. చెల్లి రాకపోతే శనివారాలు పిడుగు ఎవరి దగ్గరుంటుంది? అది "పిన్ని ఏది" అంటే ఏం చెప్పాలి? ఇప్పుడంతా బాగానే ఉంది కదా, కదిపి చెడగొట్టుకోవడమెందుకు?

బుధవారం సాయంత్రం బ్లేడు మార్చి ఆ మౌంటు కోశాను. పైన గోరంత, పక్కల గోరంత. కింద మాత్రం మూడు వేళ్ళంత. చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు. జారలేదు. రెండుసార్లు కొలిచి, గీత గీసి, ఊపిరి బిగబట్టి కోశాను. మూలలు కత్తిలా వచ్చాయి. మామూలుగానే మౌంటుకి కింది పట్టీ మిగతావాటికంటే కాస్త వెడల్పుగా ఉంచుతాం, చూపుకి బాగుంటుందని. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చేతులు రెండూ అట్ట కిందకి పోయాయి. ఇప్పుడు చూస్తే ఇద్దరు స్నేహితురాళ్ళు అక్క కూతుర్ని నిద్రపుచ్చుతున్నట్టుంది. హాయిగా ఉంది. ఆ పూట ఇంటికెళ్ళి అన్నం కూడా కాస్త ఎక్కువే తిన్నాను.

గురువారం మధ్యాహ్నం పెద్దాయనా నేనూ ఫ్రేములు తీసుకుని ప్రదర్శన జరిగే హాలుకి వెళ్ళాం. అదొకప్పుడు డ్యాన్సు నేర్పే హాలట, ఒక గోడంతా ఇంకా అద్దమే. కరెంటమ్మాయి నిచ్చెనెక్కి లైట్లు బిగిస్తోంది. పెద్దాయన ఒక మూలన బల్ల వేయించి పనిముట్లన్నీ దాని మీద పరిచారు, ప్రదర్శన మొదలయ్యే రోజు కూడా అవి అక్కడే ఉండాలన్నారు. ఆయన పద్ధతంతే. గోడకెక్కిన ఫ్రేముల్లో ఒకటైనా మొదటి రోజు కిందికి దిగుతుందని ఆయన గట్టి నమ్మకం.

చెల్లి ఆఫీసు నుంచి వచ్చి తన బొమ్మ ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. తర్వాత వేలితో అద్దం మీద కింది అంచు రుద్దింది, మురికేదో ఉంటే పోతుందన్నట్టు.

"వెనక రాసింది చూడలేదా అక్కా?"

"ఏం రాశావ్?"

నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు బడి గేటు దాటాక వెనక్కి తిరిగి అలాగే చూసేది.

"సర్లే. మూలలు చాలా నీటుగా వచ్చాయి."

ఆ 'సర్లే' నాతోపాటు ఇంటికొచ్చింది, నాతోపాటే అన్నం తింది, నా పక్కనే పడుకుంది.

శుక్రవారం ఐదింటికి అమ్మనీ పిడుగునీ తీసుకుని వెళ్ళాను. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. అమ్మ గురించి ఒక మాట. ఫ్యాక్టరీలో ఆమె పని సీసాలు చూడటం. లైటు ముందు సీసా తిప్పుతూ పగులుందో లేదో కనిపెట్టాలి. పదిహేనేళ్ళు అదే పని. అందుకే దేన్నైనా మొహానికి దగ్గరగా తెచ్చుకుని, తల కొంచెం పక్కకి వంచి చూస్తుంది. మనుషుల్ని కూడా అలాగే చూస్తుంది, మా ఆయన భయపడతారు.

హాలు నిండా జనం. ఒక టైలరు రెండు చొక్కాలు వేలాడదీశాడు. ఒకదాని గుండీలు ఇంకోదాని కాజాల్లో పెట్టి ఉన్నాయి. అమ్మ దగ్గరికెళ్ళి చూసి "కాజాలు చేత్తో కుట్టాడు, మంచి పని" అంది. ఒక నర్సు ఆస్పత్రి ఫారాన్ని తలుపంత పెద్దగా రాసి పెట్టింది. అందులో 'రోగికి మీరేమవుతారు' అన్న గడిలో స్నేహితురాలు అని రాసి కొట్టేసి, చుట్టం అని రాసి కొట్టేసి, చివరికి ఖాళీగా వదిలేసింది. అమ్మ దాని ముందు చాలాసేపు ఆగింది.

"పక్కన కూర్చోడానికి కూడా ఇంత రాయాలా?" అంది.

"రాస్తేనే రానిస్తారమ్మా" అన్నాను.

"మరి ఆ పిల్లని రానిచ్చారా లేదా?"

"తెలీదు."

"తెలుసుకోకపోతే ఎలా?" అని గొణుక్కుంటూ ముందుకు నడిచింది.

పిడుగు మా కంటే ముందే పరిగెత్తి చెల్లి బొమ్మ దగ్గరికి చేరింది. "నేను! నేను!" అని గంతులేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెల్లి గోడ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కరెంటమ్మాయి దగ్గర్లోనే నిచ్చెన మీద ఒక బల్బు సరిచేస్తోంది. అమ్మ తల వంచి బొమ్మ చూసింది. "బాగా గీశావే. సోఫా చిరుగు కూడా వేశావు" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. నా గుండె కుదుటపడింది. చెల్లి మొహం వాడిపోయింది. రెండూ ఒకేసారి చూశాను.

అప్పుడు పిడుగు గంతులు ఆపేసింది.

"నా కాలేది?"

"ఏ కాలే?"

"ఇక్కడ కాలుంది. ఇంకో కాలేది?" దాని గొంతు పెరిగింది. "అమ్మా, నా కాలెవరో కోసేశారు!"

హాలంతా ఇటు తిరిగింది. నేను బొమ్మలోకి చూశాను. నిజమే. సోఫా మీంచి జారుతున్న కాలు చీలమండ దగ్గర ఆగిపోయింది. ఆ కింద తెల్లటి అట్ట. చేతులు మూయాలన్న తొందరలో నేను చేతులే చూశాను. ఆ చేతుల్లో ఉన్నదేమిటో చూడలేదు. రోజుకు పదిసార్లు తడిమి చూసుకునే కాలిని రెండుసార్లు కొలిచి మరీ కోసేశాను.

"అవునే" అంది అమ్మ, మొహం ఇంకా దగ్గరగా పెట్టి. "పిల్ల కాలు లేదేమిటి? నువ్వు గీయలేదా?"

"గీశానమ్మా" అంది చెల్లి. అంతకంటే ఒక్క ముక్క మాట్లాడలేదు. నన్ను పట్టివ్వలేదు.

"గీస్తే ఏమైనట్టు?"

పిడుగు ఏడుపు లంకించుకుంది. పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "నేను చెప్పానా, ఒకటి దిగుతుందని!" ఆయన మొహంలో ఎక్కడలేని సంతోషం. ఫ్రేము కిందికి దించి నా చేతిలో పెట్టారు. కింది పట్టీని బొటనవేలితో కొలిచి చూసి, ఆ సంతోషం కాస్త తగ్గించి, మెల్లగా అన్నారు. "మూడు వేళ్ళు పెట్టావేం? మౌంటు పని బొమ్మని పట్టుకోవడమమ్మా. దాని నోరు మూయడం కాదు."

మూలనున్న బల్ల మీద ఫ్రేము బోర్లించాను. బ్లేడుతో టేపు కోసి, మేకులు వంచి వెనక అట్ట తీశాను. 'అక్కా, ఈసారి అంచులన్నీ కనబడాలి' అన్న రాత పైకి వచ్చింది. అమ్మ నా భుజం పక్కనే నిలబడి చదివింది. పక్కన చెల్లి. నిచ్చెన దిగి కరెంటమ్మాయి కూడా వచ్చింది, పిడుగుని ఎత్తుకుని. బొమ్మ తిప్పి మౌంటు పైకి లేపాను.

"నా కాలు!" అంది పిడుగు, ముక్కు చీదుకుంటూ.

అమ్మ బొమ్మ మీదకి వంగింది. తల కొంచెం పక్కకి వంచింది. సీసా చూసినట్టే చూసింది.

"ఈ చెయ్యి ఎవరిది?"

"నాదమ్మా" అంది చెల్లి.

"ఇది?"

"నాదండీ" అంది కరెంటమ్మాయి. బొటనవేలి మీద మచ్చ కనబడేలా చెయ్యి చాపింది కూడా, సాక్ష్యం అడిగినట్టు.

అమ్మ ఆ మచ్చని, బొమ్మలో మచ్చని మార్చి మార్చి చూసింది.

"ఎంతసేపు పట్టుకున్నారిలా?"

"రెండు గంటలండీ. ఎదురుగా ఫోను పెట్టి ఫొటో తీశాక కూడా కదల్లేదు. కదిలితే పిడుగు లేస్తుందని."

"చెయ్యి తిమ్మిరెక్కలేదూ?"

"ఎక్కింది."

"అయినా వదల్లేదు."

"వదల్లేదండీ."

అమ్మ ఊఁ అంది. తర్వాత నా వైపు తిరిగింది. "దీన్ని మూసింది నువ్వా?"

"నేనే."

"ఎందుకే?"

"నువ్వు బాధపడతావని. చెల్లి ఇంటికి రాకుండా పోతుందని." చెల్లి ఎదురుగా అబద్ధం చెప్పే ఓపిక ఇక లేదు నాకు. "రాసింది కూడా చదివాను. చదివే కోశాను. తప్పు నాదే."

చెల్లి నా వేళ్ళు పట్టుకుంది. బ్లేడు ఇంకా చేతిలో ఉంది, "తెగుతుందే" అని తిట్టాను.

"అమ్మా, నేను..." అని చెల్లి మొదలుపెట్టింది. గుక్క తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "నేను ఈ అమ్మాయితోనే ఉంటానమ్మా. గదికోసం కాదు. ఎప్పటికీ."

"ఎన్నాళ్ళైంది?"

"మూడేళ్ళు."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. అక్కకి తెలుసు. ఈ ముసలాయనకి తెలుసు. ఈ పిల్లకి కూడా తెలుసేమో."

"నాకు తెలుసు!" అంది పిడుగు.

"ఏం తెలుసే నీకు?"

"నా కాలుందని!"

పెద్దాయన ముందు నవ్వారు. తర్వాత కరెంటమ్మాయి. అమ్మ నవ్వలేదు గాని పెదవుల చివర ఏదో కదిలింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో, కొంగు చాటున తెలియలేదు.

"నాకు కొంచెం టైం పడుతుంది" అంది చెల్లితో. "ఇప్పుడు నన్నేమీ అడక్కు. ఇది మంచా చెడా అని నా చేత అనిపించకు."

"అలాగేనమ్మా."

"తిన్నావా?"

చెల్లి నోరు తెరిచింది. తిన్నానంటుందనే అనుకున్నాను.

"లేదమ్మా. పొద్దుటి నుంచీ ఏమీ దిగలేదు."

"ఈ అమ్మాయి?"

"తనూ తినలేదు."

అమ్మ కొంగు సర్దుకుంది. "ఆదివారం ఇద్దరూ ఇంటికి రండి. తొమ్మిది రోజులు మాట్లాడకుండా కూర్చునే వయసు కాదు నాది. అప్పుడే చేతకాలేదు, ఆరో రోజే విసుగొచ్చింది. మీరెవరూ బతిమాలలేదని మిగతా మూడు రోజులు పంతం పట్టాను."

నేను పనిలో పడ్డాను. ఇక మౌంటు అక్కర్లేదు. వెనక అట్ట మీద బొమ్మని మధ్యలో పెట్టి, పైన రెండు చిన్న కాగితపు పట్టీలతో అతికించాను. అద్దం ఆనకుండా ఫ్రేము గాడిలో సన్నటి అట్టముక్కలు నాలుగు వైపులా ఇరికించాను. ఇప్పుడు కాగితం మొత్తం, నాలుగు అంచులతో సహా, తెల్లటి అట్ట మీద తేలుతున్నట్టుంది. గోరంత కూడా ఎవరూ మింగలేదు. ఎందుకో అసలు భయం గుర్తే రాలేదు, మేకులు నోట్లో పెట్టుకున్న సంగతి పెద్దాయన చెబితే గాని తెలియలేదు. పిడుగు అలా చేస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాను.

ఫ్రేము మళ్ళీ గోడకెక్కింది. జనం చుట్టూ చేరారు. పనికిరాని మౌంటుని పిడుగు మెడలో వేసుకుని, కిటికీలోంచి మొహం పెట్టి హాలంతా తిరుగుతోంది. నర్సు దాన్ని ఆపి ఫొటో తీసింది. అమ్మ నర్సు దగ్గరికెళ్ళి ఏదో అడిగింది. ఆమె తలూపింది. "రానిచ్చారటే, మూడో రోజున" అని నాకు వినబడేలా చెప్పి, మళ్ళీ చెల్లి బొమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఒకడుగు వెనక్కి వేసింది. తల పక్కకి వంచింది.

"ఇదిగో, అమ్మాయ్" అని పిలిచింది.

కరెంటమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "చెప్పండమ్మా."

"ఆ లైటు కొంచెం కిందికి దించు. అడుగున నీడ పడుతోంది. పిల్ల కాలు సరిగ్గా కనబడటం లేదు."

కరెంటమ్మాయి నిచ్చెనెక్కింది. చెల్లి నిచ్చెన పట్టుకుంది. లైటు మెల్లగా కిందికి వంగింది. వెలుగు సోఫా మీంచి జారి, పిడుగు కాలి మీదికి, దాన్ని మోస్తున్న చేతుల మీదికి వచ్చింది.

"చాలాండీ?"

"ఇంకొంచెం" అంది అమ్మ. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఉంచు."